మీ కారు, మీ ప్రశ్నలు: ఆర్మ్ మొత్తం మార్చాలా, బుష్ చాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ మీద ఉన్నాయండీ, ముందు చక్రాల కింద టక్ టక్. వర్షాలకి రోడ్లన్నీ గుంతలు పడ్డాక ఇది మామూలే. చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే కింది ఇనప చెయ్యి లోయర్ ఆర్మ్, దాని బాడీ వైపు ఉండే రబ్బరు కీలు బుష్, చక్రం వైపు ఉండే గుండు కీలు బాల్ జాయింట్, ఈ మూడింటి మీద జనం డబ్బులు ఎలా పోతున్నాయో రోజూ చూస్తున్నాను కాబట్టి ఈ సంచిక మొత్తం వీటికే ఇచ్చేశాను.

ప్రశ్న: నాది 2014 డిజైర్ డీజిల్, లక్షా పది వేలు తిరిగింది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడం పక్క టక్ అంటోంది, రివర్స్ వేసి బ్రేక్ కొడితే లటక్ అని ఇంకో సౌండు. షోరూములో రెండు లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు, స్ట్రట్ మౌంట్లు అన్నీ మార్చాలన్నారు. మా వీధి మెకానిక్ మాత్రం బుష్‌లు కొట్టిస్తే చాలు సార్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి? – తెనాలి నుంచి ఓ పాఠకుడు

జవాబు: ఇద్దరి మాటా వినే ముందు ఏది పోయిందో చూపించమని అడగండి. చూపించకుండా లిస్టు రాసేవాళ్ళ దగ్గర ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు, అది షోరూమైనా చెట్టు కింద షెడ్డైనా.

మీ కారు కింద ఎల్ షేపులో ఒక ఇనప రేకు ఆర్మ్ ఉంటుంది కదా, అది మూడు చోట్ల పట్టుకుని ఉంటుంది. రెండు చోట్ల బుష్‌లతో బాడీ వైపు, మూడో చోట బాల్ జాయింట్‌తో చక్రం వైపు. ముందు బుష్ తలుపు బందులాగా పైకీ కిందకీ తిరగడానికి. వెనక బుష్ కాస్త పెద్దది, మెత్తది, బ్రేక్ కొట్టినప్పుడూ గుంతలో పడ్డప్పుడూ చక్రం వెనక్కి తన్నే తాపు అంతా అదే మింగుతుంది. అందుకే మీరు చెప్పిన ఆ రివర్స్ లటక్ ఉందే, అది దాదాపుగా వెనక బుష్ మీదే అనుమానం. స్పీడ్ బ్రేకర్ టక్ మాత్రం నాలుగైదు చోట్ల నుంచి రావచ్చు.

చూసే పద్ధతి ఇది. ముందు చక్రం జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని గాల్లో వేలాడనిచ్చి పైనా కిందా పట్టుకుని ఊపాలి, ఇంకొకళ్ళు బాల్ జాయింట్ మీద వేలు పెట్టి ఉంచాలి, లోపల ఏ మాత్రం లూజున్నా వేలికి తెలిసిపోతుంది, కంటికంటే వేలే నయం. తర్వాత పొడుగు రాడ్డు ఒకటి ఆర్మ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య దూర్చి మెల్లిగా లేపితే బుష్ రబ్బరు చీలి ఉంటే నోరు తెరుచుకుంటుంది. లింక్ రాడ్డు, అంటే మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీకి కలిపే చిన్న రాడ్డు, చేత్తో పట్టి ఊపితేనే తెలుస్తుంది, అది పోతే ఒక్క టక్ కాదు, చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళ మీద గడగడమని వరసగా వస్తుంది. స్ట్రట్ మౌంట్, అంటే షాక్ అబ్జార్బర్ పైభాగాన్ని బాడీకి పట్టే భాగం, పోతే కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే స్ప్రింగ్ దగ్గర టంగ్ మంటుంది, స్ప్రింగ్ మీద చెయ్యి పెడితే ఆ అదురు తగులుతుంది. ఈ నాలుగూ చూడ్డానికి అరగంట పడుతుంది. ఆ అరగంట కూర్చోవడానికి ఓపిక లేని మెకానిక్ మీ కారు విప్పడానికి పనికిరాడు.

ఇప్పుడు అసలు విషయం. బాల్ జాయింట్‌లో లూజు ఉంటే ఇంకో ఆలోచనే వద్దు, ఆర్మ్ మొత్తం మార్చండి. మీ డిజైర్ లాంటి మారుతీ కార్లకి కంపెనీ బాల్ జాయింట్‌ని ఆర్మ్‌తో కలిపే ఇస్తుంది, విడిగా వేసుకునే సామాను కాదది. బజార్లో విడి బాల్ జాయింట్లు దొరుకుతాయి, కొంతమంది పాతది కొట్టి తీసేసి కొత్తది దూర్చి చుట్టూ వెల్డింగ్ పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయించుకోకండి. వెల్డింగ్ వేడికి లోపల ప్లాస్టిక్ కప్పు కరుగుతుంది, గ్రీజు కాలిపోతుంది, పైకి మాత్రం బిగుతుగా కనిపిస్తుంది. బుష్ పోతే సౌండొస్తుంది, టైర్లు అరుగుతాయి, బ్రేకు మీద బండి పక్కకి లాగొచ్చు. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి మడత పడిపోతుంది, కారు రోడ్డు మీద కూలబడుతుంది. పదిహేను కిలోమీటర్ల స్పీడులో ఊడితే అదృష్టం, హైవే మీద ఊడితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

బాల్ జాయింట్ గట్టిగా ఉండి, ఆర్మ్ వంకర పోకుండా, తుప్పు పట్టకుండా ఉంటే మీ వీధి మెకానిక్ మాట తప్పు కాదు, బుష్‌లు మార్చుకోవచ్చు. కానీ "కొట్టించడం" అన్నాడు చూశారూ, ఆ మాట దగ్గరే నాకు భయం. బుష్‌ని హైడ్రాలిక్ ప్రెస్సు మీదే ఎక్కించాలి. సుత్తితో కొడితే బయటి ఇనప గొట్టం అంచు మడుస్తుంది, రబ్బరు అంటుకున్న చోట ఊడుతుంది. ఆటోనగర్లో ప్రెస్సు లేని వీధి లేదు, అక్కడికి ఆర్మ్ తీసుకెళ్ళి ఎక్కించుకురమ్మనండి.

మీ ఒక్క కారు సంగతే అడిగితే, లక్షా పది వేలు తిరిగిన ఒరిజినల్ బాల్ జాయింట్ ఇవ్వాళ బాగున్నా ఇంకెంతకాలమో గ్యారంటీ లేదు, బుష్ కోసం మళ్ళీ ఆర్మ్ దించి ఎక్కించే కూలీ ఎలాగూ ఇస్తున్నారు, కాబట్టి నేనైతే రెండు పక్కలా ఆర్మ్‌లు పూర్తిగా వేస్తాను. లింక్ రాడ్లూ మౌంట్లూ మాత్రం పోయాయని చూపిస్తేనే.

ప్రశ్న: రాణిగంజ్‌లో అడిగితే ఒకే ఆర్మ్‌కి మూడు రేట్లు చెప్పారన్నా, కంపెనీది, బ్రాండెడ్, లోకల్. తేడా ఎట్ల తెలుస్తది? డబ్బా చూసి నమ్మొచ్చా? – సికింద్రాబాద్

జవాబు: డబ్బా చూసి నమ్మొద్దు తమ్ముడూ, ముందు నంబరు పట్టుకెళ్ళు. ఆర్సీ మీద 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉంటది, మారుతీ అయితే చాలావాటికి ఎంఏ3 అని మొదలవుతది, హ్యుందాయ్ అయితే ఎంఏఎల్, టాటా అయితే ఎంఏటీ. ఆ నంబరు కొట్టించి కంపెనీ పార్ట్ నంబరు ఎడమకి ఒకటి కుడికి ఒకటి రాయించుకో. "స్విఫ్ట్ ఆర్మ్ ఇవ్వు" అని అడిగితే ఏదో ఒక స్విఫ్ట్‌దే ఇస్తరు, 2011లో వచ్చిన స్విఫ్ట్ వేరు, 2018లో వచ్చింది వేరు, ప్లాట్‌ఫారమే మారిపోయింది. పాత ఆర్మ్ పక్కన కొత్తది పెట్టి బోల్టు రంధ్రాలు, బాల్ జాయింట్ పిన్ను లావు కొలిచి చూసుకున్నాకే బిల్లు కట్టు.

కంపెనీది అంటే మారుతీకి ఎంజీపీ (మారుతీ జెన్యూన్ పార్ట్స్), హ్యుందాయ్‌కి మోబిస్. వాటికి డూప్లికేట్లు కూడా దొరుకుతయి కాబట్టి ఆథరైజ్డ్ కౌంటర్లోనే తీసుకో, బిల్లు తీసుకో. బ్రాండెడ్‌లో చూడాల్సింది ఆ కంపెనీ అసలు కార్ల ఫ్యాక్టరీలకి సస్పెన్షన్ సామాను ఇచ్చేదా కాదా అని. మన దగ్గర రాణే, బయట దేశాల్లో టీఆర్‌డబ్ల్యూ, లెమ్‌ఫోర్డర్, కొరియా సీటీఆర్, ఇవన్నీ ఫ్యాక్టరీలకి ఇచ్చే కంపెనీలే, నీ కారుకి సరిపోయేది వాటిలో దొరికితే ధైర్యంగా వెయ్యి.

చేతిలోకి తీసుకున్నప్పుడు నేను చూసేవి చెప్తా. బాల్ జాయింట్ పిన్నుని వేళ్ళతో అటూ ఇటూ వంచు, గట్టిగా, ఒకే తీరుగా, నూనెలో కదిలినట్టు కదలాలి. లూజుగా పడిపోతే వద్దు, మధ్యలో ఎక్కడైనా పట్టి వదిలినట్టుంటే అసలే వద్దు. రబ్బరు టోపీ మెత్తగా ఉండాలి, కింద క్లిప్పు సరిగ్గా కూర్చుని ఉండాలి. బుష్‌లో రబ్బరు ఇనుముకి అంటుకున్న చోట గోరు పెట్టి లాగు, అంచు లేస్తే పక్కన పడెయ్. లోకల్ ఆర్మ్‌లలో ఇనుము కంటే ముందు పోయేది ఆ రబ్బరు అతుకే. ఇంకొకటి, వెనక బుష్ రబ్బరులో ఖాళీలు కనిపిస్తయి, అవి లోపం కాదు, కావాలని వదిలిన జాగాలు, వాటి దిక్కు మారిస్తే బుష్ పని మారిపోతది. విడి బుష్ ఎక్కించేటప్పుడు పాతది ఏ దిక్కున ఉందో మార్కర్‌తో గీసుకోకుండా ప్రెస్సు ఆన్ చేయనివ్వకు.

ప్రశ్న: సార్, నాది ఐ20. నాలుగు నెలల క్రితమే రెండు ఆర్మ్‌లూ కొత్తవి, అదీ కంపెనీవే వేయించాను. మళ్ళీ అదే సౌండు. మెకానిక్ సామాను డూప్లికేట్ అంటున్నాడు, షాపాయన మెకానిక్ బిగించడం రాదంటున్నాడు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. – హన్మకొండ నుంచి ఒక టీచర్

జవాబు: మేడమ్, మీ ఉత్తరం చదివాక చాలా బాధేసింది, ఎందుకంటే ఇది మీ ఒక్కరిదీ కాదు, మంచి సామాను వేసి నాలుగు నెలలకే పారేస్తున్న కార్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. షాపాయన చెప్పిందే నిజమయ్యే అవకాశం ఎక్కువ.

బుష్ అంటే బేరింగు కాదు. లోపల ఒక ఇనప గొట్టం, బయట ఒక గొట్టం, మధ్యలో రబ్బరు రెంటికీ అతుక్కుని ఉంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు ఫ్రేముకి నొక్కి పట్టేస్తుంది, అది ఇక తిరగదు. ఆర్మ్ పైకీ కిందకీ ఊగుతుంటే రబ్బరే మెలిపడి మళ్ళీ విడుస్తుంది. అంటే మనం బోల్టు ఏ పొజిషన్లో బిగించామో ఆ పొజిషనే రబ్బరుకి విశ్రాంతి. ఇప్పుడు కారు లిఫ్టు మీద ఉంది, చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి, ఆర్మ్‌లు కిందకి వంగి ఉన్నాయి, అక్కడే ఎయిర్ గన్‌తో టర్రుమని బిగించేశాడనుకోండి. కారు నేల మీదకి దిగగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది, ఆ మెలి మీదే ఇక రోజంతా ఉంటుంది. కారు గుడి ముందు ఆగి ఉన్నా, షెడ్డులో పడుకున్నా ఆ రబ్బరుకి నిద్రలేదు. దాని మీద ప్రతి గుంతా ఇంకొంచెం మెలిపెడుతుంది.

కిందటేడు ఇలాంటి ఆర్మ్ ఒకటి నా బల్ల మీదకి వచ్చింది. ఆర్మ్ మీద నల్ల పెయింట్ ఇంకా నిగనిగలాడుతోంది, బాల్ జాయింట్ టోపీ మీద దుమ్ము కూడా గట్టిగా పట్టలేదు, కానీ ముందు బుష్ రబ్బరు మాత్రం ఒక పక్క నెలవంకలాగా చీలి ఉంది, తడి బట్ట పిండినప్పుడు పడే ముడతల్లాగా దాని చుట్టూ గీతలు. వయసు మీద పోయిన బుష్ అలా ఉండదు, చుట్టూ సన్నగా బీటలు వారి గట్టిపడి ఉంటుంది. మీ బుష్ తీసినప్పుడు ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండి, ఒకే పక్క చీలి ఉంటే బిగింపు తప్పు, రబ్బరు మొత్తం ఇనుము నుంచి ఊడొస్తే సామాను తప్పు. హ్యుందాయ్ పార్ట్స్ పేర్లలో ముందు దాన్ని ఏ బుష్ అనీ వెనక దాన్ని జీ బుష్ అనీ అంటారు, మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఆ పేర్లతో అడగండి, ఏది పోయిందో సరిగ్గా తెలుస్తుంది. బోల్టు అడ్డంగా ఉండే బుష్‌కే ఈ మెలి బాధ ఎక్కువ.

ఇప్పుడు ఏం చెయ్యాలి. బాల్ జాయింట్లు బాగుంటే ఆర్మ్‌లు మళ్ళీ కొనక్కర్లేదు, చీలిన బుష్‌లు మాత్రం ప్రెస్సు మీద మార్పించండి. బోల్టులన్నీ చేత్తో తిరిగేంత లూజుగా ఎక్కించి, కారుని నాలుగు చక్రాల మీద దించి, ముందు భాగం రెండుమూడు సార్లు చేత్తో నొక్కి వదిలి, అప్పుడు కింద నుంచి టార్క్ రెంచితో, అంటే ఎంత గట్టిగా బిగించామో కొలిచే రెంచితో, బిగించాలి. గొయ్యి లేని షెడ్డయితే ఒక ఉపాయం, వీల్ అలైన్‌మెంట్ ర్యాంపు మీద కారు చక్రాల మీదే నిలబడి ఉంటుంది, ఎలాగూ ఆర్మ్ విప్పాక అలైన్‌మెంట్ చేయించాల్సిందే, అక్కడే ఫైనల్ బిగింపు చేసి ఆ తర్వాత అలైన్‌మెంట్ పెట్టమనండి. అదీ కుదరకపోతే ఆర్మ్ చివర, బాల్ జాయింట్ దగ్గర జాకీ పెట్టి కారు ఆ మూల కొంచెం లేవబోయేదాకా ఎత్తి బిగించొచ్చు. మాన్యువల్లో కొత్తవి వేయమని రాసిన నట్లూ బోల్టులూ కొత్తవే వేయించండి, అవి ఎక్కువ ఖర్చు కాదు.

పని మొదలుపెట్టే ముందే మెకానిక్‌ని అడగండి, "బుష్ బోల్టులు ఎక్కడ బిగిస్తావు, లిఫ్టు మీదా, కింద దించాకా?" అని. ఆ జవాబు బట్టి తాళం చెవి ఇవ్వాలో వద్దో మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: స్విఫ్ట్‌కి పీయూ (పాలీయురెథేన్) బుష్‌లు వేద్దామనుకుంటున్నా బ్రో, మళ్ళీ జన్మలో మార్చక్కర్లేదంట కదా? – విశాఖపట్నం

జవాబు: పాలీయురెథేన్ గట్టి మెటీరియలే, రబ్బరులాగా త్వరగా చీలదు, స్టీరింగ్ కూడా చురుగ్గా అనిపిస్తుంది, అది నిజం. కానీ అది మెలిపడి విడిచేది కాదు, గొట్టం మీద జారి తిరిగేది, కాబట్టి సిలికాన్ గ్రీజు కావాలి, అది ఆరిపోతే వానాకాలంలో కీచుమంటుంది. ఇంకా పెద్ద ఇబ్బంది వెనక బుష్ దగ్గర. ఆ బుష్‌ని కంపెనీ కావాలనే మెత్తగా పెట్టింది, చక్రం కొంచెం వెనక్కి తగ్గి గుంత తాపు మింగాలని. అక్కడ గట్టిది పెడితే ఆ తాపంతా ఫ్రేమ్‌కీ నీ నడుముకీ వెళ్తుంది. ట్రాక్ మీద తిప్పే కారైతే వెయ్యి. రోజూ ఎన్ఏడీ నుంచి గాజువాక పోయే కారైతే మంచి రబ్బరే వెయ్యి తమ్ముడూ.

ప్రశ్న: అన్నా నేను తిరుపతిలో ట్రావెల్స్‌కి పాత ఇన్నోవా తిప్పుతా. కొండ దిగేటప్పుడు బ్రేక్ నొక్కితే బండి ఎడం పక్కకి లాగతా ఉండాది. బ్రేకులు రెండుసార్లు చూపించినా, కొత్త ప్యాడ్లు కూడా వేసినా. ముందు టైర్లు లోపలి పక్క అరిగిపోతా ఉండాయి.

జవాబు: బ్రేకు మీద మాత్రమే లాగుతూ, టైరు లోపల అంచు తినేస్తోందంటే బ్రేకుల్ని వదిలేసి ఎడం పక్క లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడు తమ్ముడూ. ఘాట్ దిగేటప్పుడు ఫుల్ లోడుతో ముందు చక్రాల మీదే బరువంతా ఉంటుంది, బుష్ చీలిన పక్క చక్రం బ్రేకుకి వెనక్కి జరిగిపోతుంది, ఆ పక్కకి బండి తిరుగుతుంది.

నీ ఇన్నోవా చిన్న కార్లలాంటిది కాదు, పైన ఒక ఆర్మ్ కింద ఒక ఆర్మ్, స్ప్రింగు బరువు కింద ఆర్మ్ మీద ఉంటుంది. అందుకని బాల్ జాయింట్ చెక్ చేసేటప్పుడు జాకీ ఛాసిస్ కింద పెట్టకూడదు, లోయర్ ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కి దగ్గరగా పెట్టి లేపాలి, లేకపోతే స్ప్రింగు ఒత్తిడికి లూజు దాక్కుంటుంది, "బాగుండాది" అని పంపించేస్తారు. పైన ఆర్మ్ బుష్‌లూ బాల్ జాయింటూ కూడా చూడు, అందరూ కిందదే చూసి వదిలేస్తారు.

లోయర్ ఆర్మ్ బోల్టులకి గుడ్డులాంటి క్యామ్‌లు ఉంటాయి, క్యాంబర్ (చక్రం లోపలికీ బయటికీ వాలే కోణం), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకీ వెనక్కీ వాలే కోణం) సెట్టింగ్ అక్కడే. విప్పే ముందు ఆ క్యామ్ ఎక్కడుందో సుద్దతో గీత పెట్టించు, ఎక్కించాక అదే గీతకి తెచ్చి, తర్వాత అలైన్‌మెంట్‌లో టో (చక్రాల మొనలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే కాదు, మూడూ పెట్టమని అడుగు. ప్రింటు తీసుకో, ఎడమ కుడి క్యాస్టర్ అంకెల్లో పెద్ద తేడా ఉంటే ఒప్పుకోవద్దు. రెండు పక్కలా బుష్‌లు ఒకేసారి మార్చు. నీ బండిలో రోజూ యాత్రికులు కూర్చుంటారు, సీజన్ అయ్యాక చూద్దాంలే అని అనుకోకు.

ప్రశ్న: అంకుల్, నేను న్యూజెర్సీలో ఉంటాను, 2010 అకార్డ్ సెకండ్ హ్యాండ్ కొన్నాను. ఇక్కడ షాపులో కంప్లయన్స్ బుష్ క్రాక్ అయింది, రెండు లోయర్ ఆర్మ్‌లు మార్చాలి అని పెద్ద బిల్లు చెప్పారు. ఆన్‌లైన్‌లో ఆర్మ్‌లు చాలా చీప్‌గా ఉన్నాయి, నేనే వేసుకోవచ్చా?

జవాబు: బాబూ, ఆ తరం అకార్డుకి ముందు డబుల్ విష్‌బోన్, అంటే పైన ఒకటి కింద ఒకటి ఆర్మ్‌లు ఉంటాయి, 2013 మోడల్ నుంచే మెక్‌ఫెర్సన్‌కి, అంటే కింద ఆర్మ్, పైన స్ట్రట్ ఉండే పద్ధతికి మారింది, కాబట్టి వీడియోలు చూసేటప్పుడు నీ సంవత్సరానివే చూడు. ఆ కంప్లయన్స్ బుష్, అంటే లోయర్ ఆర్మ్ వెనక బుష్, పోవడం ఆ కార్లలో మామూలే. దాని లోపల ద్రవం ఉంటుంది, చీలితే నల్లగా నూనె కారినట్టు ఆర్మ్ మీద మరక కనిపిస్తుంది, ముందు అది వంగి చూడు. పైన సన్న బీటలు మాత్రమే ఉండి కారకపోతే ఇవాళే పరిగెత్తక్కర్లేదు.

చీప్ ఆర్మ్‌లో ఆ బుష్ లోపల ద్రవం లేకుండా వట్టి రబ్బరు పెట్టి అమ్మేవాళ్ళు ఉంటారు, అందుకని కొనేముందు అది అడిగి తెలుసుకో. నీ ఆర్మ్ బాగుంటే హోండా ఒరిజినల్ బుష్ తెచ్చి ఎవరైనా మెషిన్ షాపులో ప్రెస్సు చేయించుకోవడం ఒక దారి, బుష్ మీద గుర్తు ఉంటుంది, ఆ దిక్కుకే కూర్చోవాలి. కానీ మీ దగ్గర చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, బోల్టు బుష్ లోపలి గొట్టంలో తుప్పుకి అతుక్కుపోయి ఉంటుంది, అక్కడే మొదటిసారి చేసేవాళ్ళు ఇరుక్కుపోతారు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు, కొత్త బోల్టులు ముందే తెచ్చి పెట్టుకో, జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరకు, స్టాండ్లు తప్పనిసరి. ఒంటరిగా చెయ్యకు, పక్కన ఇంకొకళ్ళు ఉండాలి. ఇవన్నీ కుదరవనుకుంటే సామాను నువ్వే కొని ఇచ్చి కూలీ మాత్రం తీసుకునే ఇండిపెండెంట్ షాపు వెతుక్కో, పైన హన్మకొండ మేడమ్‌కి చెప్పిన ప్రశ్నే వాళ్ళనీ అడుగు.

ప్రశ్న: నాకు 71 ఏళ్ళు. అంబాసిడర్‌కి నెలనెలా గ్రీజు కొట్టించేవాణ్ణి. ఇప్పటి వ్యాగనార్‌కి బుష్ కీచుమంటే గ్రీజు పెట్టమంటే కుర్రాళ్ళు నవ్వుతున్నారు. – రాజమండ్రి

జవాబు: నవ్వడం వాళ్ళ తప్పండి, మీరు చెప్పింది ఆ బండికి సరైన పద్ధతే. అంబాసిడర్ ముందు భాగంలో గ్రీజు నిపుల్స్ ఉండేవి, ఇనుము మీద ఇనుము తిరిగేది, గ్రీజు లేకపోతే అరిగిపోయేది. ఇప్పటి బుష్ రబ్బరు, అది జారదు, మెలిపడుతుంది, గ్రీజు పోవడానికి లోపల దారే లేదు. పైగా మామూలు గ్రీజూ ఇంజనాయిలూ సహజ రబ్బరుని ఉబ్బించి మెత్తబెట్టేస్తాయి, రెండు రోజులు చప్పుడు ఆగి తర్వాత బుష్ చీలిపోతుంది. మీరు ఇంట్లోనే ఒక పని చెయ్యండి, ఒకళ్ళని బంపర్ దగ్గర నిలబడి కారుని కిందకీ పైకీ ఊపమనండి, ఇంకొకళ్ళు పక్క నుంచి ఒక్కో బుష్ మీద విడివిడిగా కాసిని నీళ్ళు చల్లాలి. ఏ బుష్ తడవగానే కీచు ఆగిందో, మార్చాల్సింది అదే.